బెనెడిక్టైన్ మఠంలో ఏడాది స్వచ్ఛంద సేవ

సన్యాసం పుచ్చుకోకుండా, పుచ్చుకుంటానని మాట కూడా ఇవ్వకుండా, ఒక బెనెడిక్టైన్ మఠంలో, అంటే బెనెడిక్ట్ అనే సన్యాసి రాసిన నియమావళిని పాటించే కాథలిక్ క్రైస్తవ మఠంలో, సుమారు ఏడాదిపాటు ఉండి, జీతం తీసుకోకుండా పనిచేసే పద్ధతి ఇది. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది అప్పుడే కాలేజీ ముగించుకున్న యువతీయువకులు. మఠం వాళ్లకు గది, భోజనం, కొద్దిపాటి చేతిఖర్చు ఇస్తుంది. వాళ్లు మఠం నడిపే బడిలోనో, ఆసుపత్రిలోనో, అతిథిగృహంలోనో, తోటలోనో పనిచేస్తారు. పూటపూటకూ సన్యాసులతో కలిసి ప్రార్థనకు వెళతారు, వాళ్ల పంక్తిలోనే భోంచేస్తారు. స్వచ్ఛంద సేవా సంస్థలు లోకంలో ఎన్నో ఉన్నాయి. వాటిలో పని ముందు వస్తుంది, బస దాని వెనక వస్తుంది. బెనెడిక్టైన్ పద్ధతిలో కలిసి బతకడానిదే మొదటి స్థానం, పని అందులోంచి పుడుతుంది. ఈ వరుస పట్టుబడితే ఈ ఏడాదిలోని వింతలూ ఇబ్బందులూ చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

మూలాలు నియమావళిలో

బెనెడిక్ట్ ఇటలీలోని నూర్సియా పట్టణంలో సుమారు 480లో పుట్టాడు. రోములో చదువు వదిలేసి సుబియాకో కొండల్లో ఒక గుహలో మూడేళ్లు ఒంటరిగా గడిపాడు. సుమారు 529లో మోంతె కస్సీనో కొండమీద మఠం కట్టాడు. ఆయన జీవితం గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా పోపు గ్రెగొరీ ఆ శతాబ్దం చివర్లో రాసిన ‘సంభాషణలు’ అనే గ్రంథం రెండో భాగం నుంచే వచ్చింది. బెనెడిక్ట్ స్వయంగా మిగిల్చిపోయింది ఒక చిన్న పుస్తకం, పీఠిక, 73 అధ్యాయాలు ఉన్న నియమావళి. పదిహేను వందల ఏళ్లుగా బెనెడిక్టైన్ మఠాలు నడుస్తున్నది దాని మీదే.

ఏడాది వాలంటీరు అనే మనిషి ఆ పుస్తకంలో ఎక్కడా లేడు. కానీ అతనికి చోటు చూపించే అధ్యాయాలు నాలుగైదు ఉన్నాయి. 53వ అధ్యాయం వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తునే ఎదుర్కొన్నట్టు ఎదుర్కోమంటుంది. పేదలనూ యాత్రికులనూ మరింత శ్రద్ధగా చూడమంటుంది, ఎందుకంటే ధనికుడికి మర్యాద ఎలాగూ దక్కుతుంది. అతిథులు ఏ వేళనైనా రావచ్చు, మఠంలో వాళ్లకెప్పుడూ కొదవ ఉండదు కాబట్టి వాళ్ల కోసం వేరే వంటిల్లు పెట్టమనీ చెబుతుంది. 61వ అధ్యాయం దూరదేశం నుంచి వచ్చిన సన్యాసి గురించి. అతను కోరినన్నాళ్లు ఉండనివ్వాలి. మఠంలో ఏదైనా లోపం వినయంగా ఎత్తిచూపితే మఠాధిపతి ఆ మాటను ఆలోచించాలి, బహుశా దేవుడు అతన్ని అందుకే పంపి ఉండవచ్చు. కొత్త కళ్లకు ఇంత విలువ ఇచ్చిన సంస్థ ఆరో శతాబ్దంలో మరొకటి ఉందా అనిపిస్తుంది నాకు. 3వ అధ్యాయం కూడా ఇదే ధోరణిలో, ముఖ్యమైన విషయం వచ్చినప్పుడు అందరినీ పిలవమంటుంది, మంచి ఆలోచన తరచుగా చిన్నవాడికే తడుతుందని.

ఏడాది అనే గడువుకూ నియమావళిలో ఒక పోలిక కనిపిస్తుంది. సన్యాసం కోరి వచ్చినవాణ్ణి వెంటనే లోపలికి రానివ్వకూడదని 58వ అధ్యాయం అంటుంది. నాలుగైదు రోజులు గుమ్మం దగ్గర ఓపిక పట్టాక లోపలికి రానిస్తారు. రెండు నెలలకు నియమావళి మొత్తం అతనికి చదివి వినిపిస్తారు. ఆరు నెలలకు మళ్లీ, ఇంకో నాలుగు నెలలకు మళ్లీ. ప్రతిసారీ వెళ్లిపోయే స్వేచ్ఛ అతనిదే. రెండు, ఆరు, నాలుగు కలిపితే పన్నెండు నెలలు. ఇది సన్యాసానికి పరీక్షాకాలం, వాలంటీరుకు వర్తించేది కాదు. అయినా ఒక మనిషి మఠం సంగతీ తన సంగతీ తెలుసుకోవడానికి నాలుగు రుతువులు కావాలన్న అంచనా అక్కడుంది.

బయటివాళ్లు మఠం గోడల లోపల

మఠాల్లో సన్యాసులు కానివాళ్లు ఎప్పుడూ ఉన్నారు. తల్లిదండ్రులు దేవుడికి అప్పగించిన పిల్లలు, ముసలితనంలో ఆశ్రయం పొందినవాళ్లు, పనివాళ్లు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు. ఇప్పటి ఏడాది సేవ మాత్రం వేరే దారిన వచ్చింది. ఫ్రెంచి విప్లవంలోనూ, ఆ తర్వాత జర్మన్ రాజ్యాలు 1803లో మఠాల ఆస్తులు స్వాధీనం చేసుకున్నప్పుడూ ఐరోపాలో మఠాలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. పందొమ్మిదో శతాబ్దంలో అవి మళ్లీ లేచాయి, ఫ్రాన్సులో 1833లో సొలెం, జర్మనీలో 1863లో బొయిరోన్. అలా లేచిన మఠాలు బడులు పెట్టాయి, సముద్రాలు దాటాయి. బవేరియాలోని మెట్టెన్ మఠం నుంచి బోనిఫేస్ విమ్మర్ 1846లో అమెరికా వెళ్లి పెన్సిల్వేనియాలో సెయింట్ విన్సెంట్ మఠం స్థాపించాడు. 1884లో ఆండ్రియాస్ అమ్‌రైన్ ప్రారంభించిన సంఘం తర్వాత సాంక్ట్ ఒట్టీలియన్‌లో స్థిరపడి తూర్పు ఆఫ్రికాకూ కొరియాకూ మిషనరీలను పంపింది. ఈనాటి వాలంటీర్లు వెళ్లే చోట్లలో చాలావరకు ఆ రోజుల్లో వేసిన బాటల చివరే ఉన్నాయి.

రెండో మార్పు ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వచ్చింది. యువత ఏడాదో రెండేళ్లో సేవకు కేటాయించే ఆలోచన అమెరికాలో ఊపందుకుంది. 1956లో మరో కాథలిక్ సన్యాస సంఘమైన జెసూట్ల వాలంటీర్లు అలాస్కాలో పని మొదలుపెట్టారు, 1961లో ప్రభుత్వమే పీస్ కోర్ ఏర్పాటు చేసింది. జర్మనీ 1964లో స్వచ్ఛంద సామాజిక సంవత్సరానికి చట్టం చేసింది. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండో వాటికన్ మహాసభ సామాన్య విశ్వాసుల పాత్రను గట్టిగా చెప్పడంతో మఠాల తలుపులు కూడా మెల్లగా వెడల్పయ్యాయి. ఇంతలో కొత్తగా సన్యాసంలోకి వచ్చేవాళ్లు పడమటి దేశాల్లో తగ్గుతూ వచ్చారు. మఠంలో సగటు వయసు పెరిగింది, బడులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఏడాది సేవ పథకాలు పుట్టింది ఈ అవసరం లోంచి కూడా అన్నది దాచాల్సిన సంగతి కాదు. అవసరం ఉన్నంత మాత్రాన ఆదర్శం అబద్ధమైపోదు.

కాలేజ్‌విల్ దళం

ఈ పద్ధతికి బాగా తెలిసిన రూపం అమెరికాలో మినెసోటా రాష్ట్రం, కాలేజ్‌విల్‌లోని సెయింట్ జాన్స్ మఠానిది. పెన్సిల్వేనియా నుంచి వచ్చిన సన్యాసులు జర్మన్ వలసదారుల కోసం 1856లో ఆ మఠాన్ని, 1857లో కాలేజీని పెట్టారు. అదే 1857లో బెనెడిక్టైన్ సిస్టర్లు దగ్గర్లో మఠం స్థాపించారు. కొన్ని మైళ్ల దూరంలో సెయింట్ జోసెఫ్ ఊళ్లో ఉన్న ఆ మఠం సిస్టర్లే 1913లో అమ్మాయిల కోసం సెయింట్ బెనెడిక్ట్ కాలేజీ ప్రారంభించారు. రెండు కాలేజీలు ఇప్పుడు పాఠాలు కలిపే నడుపుతాయి. సెయింట్ జాన్స్‌ను చూడగానే గుర్తుపట్టించేది 1961లో పూర్తయిన కాంక్రీటు దేవాలయం, దాని ముందు జెండాలా నిలిచిన గంటగోపురం. రెండింటినీ మార్సెల్ బ్రాయర్ రూపొందించాడు.

ఈ మఠం 2003లో బెనెడిక్టైన్ వాలంటీర్ దళాన్ని స్థాపించింది. మఠం కాలేజీ అయిన సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తిచేసే అబ్బాయిలు దీనికి దరఖాస్తు పెట్టుకుంటారు. ఎంపికైనవాళ్లు వేసవిలో ముందు కాలేజ్‌విల్ మఠంలోనే కొన్నాళ్లు ఉండి, నియమావళి చదివి, ప్రార్థన వేళలకు అలవాటుపడి, ఆ తర్వాత లోకంలో వేర్వేరు చోట్ల ఉన్న బెనెడిక్టైన్ మఠాలకు వెళతారు. సాధారణంగా ఒక్కణ్ణి పంపరు, ఇద్దరినో ముగ్గురినో కలిపి పంపుతారు. న్యూజెర్సీలోని నెవార్క్, టాంజానియా, గలిలయ సరస్సు ఒడ్డు, గ్వాతెమాలా, స్పెయిన్‌లోని మొంత్సెర్రాత్ వాళ్లు వెళ్లిన చోట్లలో కొన్ని. ఈ జాబితా ఏటేటా మారుతుంది. ఒక చోట యుద్ధం వస్తుంది, ఇంకో చోట వీసా దొరకదు, మరో చోట సన్యాసుల సంఖ్య తగ్గిపోయి వాలంటీర్లను చూసుకునే ఓపిక ఉండదు.

సెయింట్ జోసెఫ్ ఊళ్లోని సిస్టర్లు కూడా తమ కాలేజీ పట్టభద్రురాళ్ల కోసం ఇలాంటి మహిళా సేవాదళం నడిపారు.

కాలేజ్‌విల్ పథకంలో మెచ్చుకోవాల్సిన అంశం ఒకటుంది. పిల్లవాణ్ణి ఎక్కడికి పంపినా ఒక సంస్థ ఆఫీసుకు పంపడం లేదు, ఒక ఇంటికి పంపుతున్నారు. ఆ ఇంటికి కాలేజ్‌విల్‌తో నియమావళి ద్వారా చుట్టరికం ఉంది. ప్రతి బెనెడిక్టైన్ మఠం స్వతంత్రమైనది. 1893లో పోపు 13వ లియో వాటన్నిటినీ ఒక సమాఖ్యగా కలిపినా, ఒకరి మీద ఇంకొకరికి పెత్తనం లేదు. అయినా మినెసోటాలో నేర్చుకున్న ప్రార్థన క్రమం టాంజానియాలో స్వాహిలీలో వినిపించినా కొత్తగా ఉండదు. భాష రాకపోయినా ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు తలవంచాలో తెలుస్తుంది.

నెవార్క్

వాలంటీర్లు వెళ్లే చోట్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది నెవార్క్ మఠం. అక్కడి సన్యాసులు 1868 నుంచి సెయింట్ బెనెడిక్ట్స్ ప్రిపరేటరీ స్కూలు నడుపుతున్నారు. 1967 జూలైలో నెవార్క్ వీధులు అల్లర్లతో మండిపోయాయి, 26 మంది చనిపోయారు. తెల్లవాళ్ల కుటుంబాలు నగరం వదిలి శివార్లకు వెళ్లిపోయాయి. బడి భవిష్యత్తు మీద మఠంలోనే చీలిక వచ్చింది, కొందరు సన్యాసులు వెళ్లిపోయారు, 1972లో బడి మూతపడింది. మిగిలినవాళ్లు తాము ఎక్కడికీ కదలకూడదని నిర్ణయించుకుని 1973లో మళ్లీ తెరిచారు, ఈసారి ఎక్కువగా నగరంలోని నల్లజాతి పిల్లల కోసం. బెనెడిక్టైన్లు చేసే మూడు ప్రమాణాల్లో ఒకటి స్థిరత్వం, అంటే చేరిన సంఘాన్ని చివరిదాకా వదలకుండా ఉండటం. ఆ ప్రమాణానికి ఒక నగరంలో ఎంత విలువ ఉందో తెలియాలంటే నెవార్క్ కథ తెలియాలి.

ఆ బడిలో చాలా పనులు పిల్లల చేతుల్లోనే ఉంటాయి. పెద్ద తరగతుల విద్యార్థులు గుంపులకు నాయకులై హాజరు, క్రమశిక్షణ చూస్తారు. పొద్దున్నే బడి మొత్తం వ్యాయామశాలలో కలుస్తుంది. ఆ కూడికలో ప్రార్థన, పాట, ఆ రోజు సంగతులు, ఎవరైనా రాకపోతే ఎందుకు రాలేదన్న ఆరా, అన్నీ ఉంటాయి. కొత్త విద్యార్థులు ఏడాది చివర అప్పలాచియన్ కాలిబాటలో సుమారు 55 మైళ్లు బృందాలుగా నడుస్తారు. కాలేజ్‌విల్ నుంచి వచ్చిన వాలంటీరు ఇక్కడ చేసేది పాఠాల్లో సాయం, ఆటల శిక్షణ, బడి వసతిగృహంలో తోడు. అతను ఉండేది మాత్రం మఠంలో. పొద్దున సన్యాసులతో కీర్తనలు పాడి, అరగంటలో వందల మంది పిల్లల కేకల మధ్యకు వస్తాడు. సాయంత్రం మళ్లీ కీర్తనల దగ్గరికి. ఈ రెంటి మధ్య అతను నేర్చుకునేది ఏ శిక్షణ తరగతిలోనూ దొరకదు. నలభై ఏళ్లుగా ఆ పిల్లల మధ్యే ఉన్న ఒక సన్యాసి, అల్లరి చేసిన పిల్లవాడితో ఎలా మాట్లాడతాడో పక్కన నిలబడి చూడటమే శిక్షణ.

మిగతా చోట్లు

టాంజానియా దక్షిణాన సొంగేయా దగ్గరి హంగా మఠం 1950ల్లో ఆఫ్రికన్ సన్యాసుల కోసమే మొదలైంది. సాంక్ట్ ఒట్టీలియన్ శాఖకు చెందింది. బడులు, వర్క్‌షాపులు, పొలాలు, వైద్యశాల అన్నీ మఠం చుట్టూనే ఉంటాయి. వాలంటీర్లు ఎక్కువగా ఇంగ్లీషు, లెక్కలు చెబుతారు.

తబ్ఘా గలిలయ సరస్సు ఒడ్డున ఉంది. యేసు ఐదు రొట్టెలు, రెండు చేపలతో వేలమందికి ఆహారం పెట్టిన సంఘటనకు గుర్తుగా అక్కడ దేవాలయం ఉంది. దాని నేల మీద అయిదో శతాబ్దపు మొజాయిక్ చిత్రం, ఒక బుట్టలో రొట్టెలు, పక్కన చేపలు. జెరూసలేంలోని డోర్మిషన్ మఠానికి చెందిన జర్మన్ మాట్లాడే సన్యాసులు దాన్ని చూసుకుంటారు. వికలాంగులైన పిల్లలు వచ్చి ఉండే విడిది ఒకటి అక్కడ నడుస్తుంది, ఆ పిల్లలు ఇజ్రాయెల్ వైపువాళ్లూ పాలస్తీనా వైపువాళ్లూ. 2015 జూన్‌లో దుండగులు ఆ ఆవరణకు నిప్పుపెట్టారు. 2017లో మరమ్మతులు పూర్తయి మళ్లీ తెరుచుకుంది. అలాంటి చోట ఏడాది గడిపే వాలంటీరుకు యాత్రికులకు దారి చూపడం, తోట పని, విడిదిలో పిల్లలకు సాయం పగలంతా సరిపోతాయి.

గ్వాతెమాలాలోని ఎస్కిపులాస్‌లో నల్ల క్రీస్తు విగ్రహాన్ని దర్శించడానికి మధ్య అమెరికా నలుమూలల నుంచి జనం వస్తారు. అమెరికాలోని లూయిసియానా మఠం నుంచి 1959లో వచ్చిన సన్యాసులు ఆ క్షేత్రం బాధ్యత తీసుకున్నారు.

జర్మన్ మాట్లాడే దేశాల్లో ఈ పద్ధతికి ‘కొంతకాలపు మిషనరీ’ అన్న అర్థం వచ్చే పేరుంది. కలిసి బతకడం, కలిసి ప్రార్థించడం, కలిసి పనిచేయడం ఆ పథకం మూడు సూత్రాలు. సాంక్ట్ ఒట్టీలియన్, మ్యూన్‌స్టర్‌ష్వార్జాక్ మఠాలు పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలను తమ శాఖ మఠాలున్న ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాలకు పంపుతాయి. అమెరికా వాలంటీర్లు డిగ్రీ అయ్యాక వెళితే జర్మన్ పిల్లలు బడి అయిపోగానే వెళతారు. ఈ తేడా చిన్నది కాదు. పద్దెనిమిదేళ్లవాడికి మఠం తొలిసారి ఇల్లు దాటి ఉండే చోటు కూడా అవుతుంది. 2008లో జర్మన్ ప్రభుత్వం విదేశీ స్వచ్ఛంద సేవకు ‘వెల్ట్‌వెర్ట్స్’ అనే పథకం పెట్టి ఖర్చులో పెద్ద భాగం భరించడం మొదలుపెట్టాక అలా వెళ్లే దారి సులువైంది.

ఇంగ్లండులోని వర్త్ మఠం గురించి 2005లో బీబీసీ ‘ది మొనాస్టరీ’ అనే ధారావాహిక తీసింది. అయిదుగురు సామాన్య పురుషులు నలభై రోజులు మఠ జీవితం గడపడమే అందులోని కథ. అది సేవ పథకం కాకపోయినా, మఠంలో కొంతకాలం ఉండొచ్చన్న సంగతి మామూలు జనానికి అది చేరవేసింది.

రోజు ఎలా గడుస్తుంది

వేళలు ఒక్కో మఠంలో ఒక్కోలా ఉంటాయి. తెల్లవారుజామున గానీ పొద్దున ఏడుకు గానీ ఉదయ ప్రార్థన, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, రోజూ దివ్యబలిపూజ, కొన్ని మఠాల్లో నిద్రకు ముందు ఇంకొకటి. దాని తర్వాత మర్నాటి పొద్దుటిదాకా మౌనం. బెనెడిక్ట్ బైబిలులోని 150 కీర్తనలనూ ఒక వారంలో పూర్తిచేయాలన్నాడు. ఇప్పుడు చాలా మఠాలు రెండు, నాలుగు వారాలకు విస్తరించుకున్నాయి.

కొత్తవాడు మొదట తడబడేది కీర్తనలోనే. సన్యాసులు రెండు వరుసల్లో ఎదురెదురుగా ఉంటారు. ఒక వచనం ఒక వైపు, తర్వాతిది ఎదుటి వైపు. ప్రతి వచనం మధ్యలో ఒక విరామం ఉంటుంది. సెయింట్ జాన్స్ లాంటి చోట అది బయటివాడికి చాలా పొడవుగా అనిపిస్తుంది. కొత్తవాడు ఊపిరి పీల్చుకుని తర్వాతి సగం అందుకుంటాడు, దేవాలయం మొత్తంలో అతనొక్కడి గొంతే వినిపిస్తుంది. ఎవరూ తిరిగి చూడరు, ఎవరూ నవ్వరు. రెండు మూడు వారాలకు ఆ విరామం ఎంతసేపో లెక్కపెట్టకుండానే తెలిసిపోతుంది. పక్కవాడి ఊపిరి వింటూ పాడటం అలవాటవుతుంది. మఠంలో కలిసి బతకడమంటే ఏమిటో దీనికన్నా దగ్గరగా చూపించే సందర్భం లేదు.

వంటింటిది రెండో పాఠం. 35వ అధ్యాయం ప్రకారం వంటింటి సేవ వారం వారం వంతులవారీగా అందరికీ పడుతుంది. జబ్బు మనిషికీ, చాలా ముఖ్యమైన పని నెత్తిన ఉన్నవాడికీ తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. బలహీనుడికి తోడు ఇవ్వాలి, అతను దిగాలు పడకుండా. వంతు ముగించేవాడు శనివారం వంటిల్లు శుభ్రం చేసి, సోదరులు చేతులూ కాళ్లూ తుడుచుకున్న తువాళ్లు ఉతుకుతాడు. దిగేవాడూ ఎక్కేవాడూ కలిసి అందరి పాదాలు కడుగుతారు. గిన్నెలూ గరిటెలూ శుభ్రంగా, పగుళ్లు లేకుండా మఠం సామాను చూసే అధికారికి అప్పజెబితే, ఆయన వాటిని కొత్తవాడికి లెక్కచూసి ఇస్తాడు. భోజనానికి గంట ముందు వడ్డించేవాళ్లకు కొంచెం రొట్టె, తాగడానికి కొంచెం అదనంగా ఇవ్వాలి, సణుక్కోకుండా సేవ చేయగలిగేందుకు. కడుపు కాలుతున్నవాడికి ఓర్పు గురించి చెప్పి లాభం లేదని బెనెడిక్ట్‌కు తెలుసు. ఈనాటి మఠాల్లో పాదాలు కడిగే వారపు ఆచారం చాలాచోట్ల పోయింది, జీతపు వంటవాళ్లూ వచ్చారు. కానీ గిన్నెలు తోమే పట్టిక గోడమీద ఉంటుంది. అందులో మఠాధిపతి పేరూ వాలంటీరు పేరూ ఒక దానికింద ఒకటి కనిపించడం మామూలే.

భోజనవేళ చాలా మఠాల్లో మాటలుండవు, ఒకరు పుస్తకం చదువుతుంటే మిగతావాళ్లు తింటారు. ఉప్పు కావాలంటే సైగ చేయాలి. పక్కవాడికి ఏం కావాలో అతను అడగకముందే చూసి అందించడమే అక్కడి మర్యాద.

ఇబ్బందులు

వాలంటీరు చుట్టపుచూపుగా వచ్చినవాడు కాదు, అలాగని ఇంటి మనిషీ కాడు. మఠంలో పెద్దరికం వయసును బట్టి రాదు, చేరిన తేదీని బట్టి వస్తుంది. 63వ అధ్యాయం ప్రకారం పొద్దున చేరినవాడు మధ్యాహ్నం చేరినవాడికి అన్న. వాలంటీరు ఆ వరుసలో లేడు. సంఘం కూడి నిర్ణయాలు తీసుకునే గదిలోకి అతనికి ప్రవేశం ఉండదు. ప్రార్థనలో, పనిలో, పంక్తిలో మాత్రం ఉంటాడు. ఈ సగం సగం స్థితి కొందరికి హాయి, కొందరికి నరకం. ఇరవై రెండేళ్ల మనిషికి ఎనభై ఏళ్ల పెద్దల మధ్య రాత్రి ఎనిమిదిన్నరకే నిశ్శబ్దమైపోయే ఇంట్లో ఉండటం తేలిక కాదు. అందుకే ఇద్దరిద్దరిగా పంపడం.

ఆ ఏడాదిలో ఒక పెద్ద సన్యాసి చనిపోయే అవకాశం కూడా ఎక్కువే. మఠంలో చావును దాచరు. సోదరులు వంతులేసుకుని మంచం పక్కన కూర్చుంటారు, దేహం దగ్గర కీర్తనలు చదువుతారు, అందరూ నడిచి మఠం శ్మశానానికి వెళతారు. వాలంటీరు వయసువాళ్లు చాలామంది చావును దగ్గర్నుంచి చూడని కాలంలో ఇదొక గట్టి అనుభవం. ముందుగా చెప్పి, తర్వాత మాట్లాడే మనిషిని తోడుంచడం మఠం బాధ్యత.

విమర్శలు రెండు రకాలు. మొదటిది అన్ని విదేశీ సేవలకూ వర్తించేదే. భాష రాని, అనుభవం లేని పిల్లవాడు ఏడాదిలో టాంజానియా బడికి ఏం ఒరగబెడతాడు, అతను అక్కడ నిలదొక్కుకునేసరికి వెళ్లే వేళ వస్తుంది కదా అన్నది. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. దానికి బెనెడిక్టైన్ జవాబు, ఆ బడి వాలంటీరు మీద నిలబడలేదన్నది. అతను రాకముందు సన్యాసులు ఉన్నారు, వెళ్లాకా ఉంటారు. తాత్కాలికంగా వచ్చేవాడి చేతిలో శాశ్వతమైన పని పెట్టనంతవరకు ఈ జవాబు నిలుస్తుంది. పాఠం చెప్పే పంతులు జీతం మిగులుతుందని వాలంటీరును పెట్టుకున్న రోజు అది నిలవదు.

రెండోది ఇంకా బరువైనది. కాథలిక్ సంస్థల్లో జరిగిన లైంగిక దురాగతాలు బయటపడ్డాక మఠాల మీదా ఆ మచ్చ పడింది. సెయింట్ జాన్స్ మఠం కూడా ఆరోపణలను ఎదుర్కొంది, నమ్మదగిన ఆరోపణలున్న తన సన్యాసుల పేర్లను 2013లో తానే ప్రకటించింది. పిల్లలతో పనిచేయడానికి వచ్చే ప్రతి వాలంటీరు నేపథ్యాన్నీ పరిశీలించడం, రక్షణ నియమాల్లో శిక్షణ ఇవ్వడం, ఫిర్యాదు చేయడానికి మఠానికి బయట ఒక మనిషిని చూపడం ఇప్పుడు ఏ మంచి పథకానికైనా తప్పనిసరి. ఇవి లేని చోటికి ఏ కుటుంబమూ పిల్లలను పంపకూడదు.

భారతదేశంలో

మన దేశంలో ఇలాంటి ఏడాది దళం కన్నా, మఠానికి వచ్చి కొన్నాళ్లుండే పద్ధతి ఎక్కువ. ఫ్రెంచివాళ్లైన జూల్ మోన్షానాన్, తర్వాత అభిషిక్తానంద అన్న పేరుతో ప్రసిద్ధుడైన హెన్రీ ల సో, 1950లో తమిళనాడులో కులిత్తలై దగ్గర కావేరి ఒడ్డున శాంతివనం అనే పేరున్న సచ్చిదానంద ఆశ్రమం స్థాపించారు. 1968లో కేరళలోని కురిసుమల ఆశ్రమం నుంచి వచ్చిన బీడ్ గ్రిఫిత్స్ 1993లో చనిపోయేవరకు దాన్ని నడిపించాడు. ఆశ్రమం తర్వాత బెనెడిక్టైన్లలో కమల్డొలీ శాఖలో చేరింది. కాషాయం కట్టడం, నేలమీద కూర్చుని ప్రార్థించడం, ప్రార్థనలో హారతి, సంస్కృత శ్లోకాలు, శాకాహారం అక్కడి పద్ధతి. దేశవిదేశాల నుంచి వచ్చినవాళ్లు వారాలూ నెలలూ ఉండి, కూరగాయలు తరగడం దగ్గర్నుంచి తోట నీళ్లదాకా చేతనైన పని అందుకుంటారు. బెంగళూరు పక్కన కెంగేరి దగ్గరి ఆశీర్వనం బెనెడిక్టైన్ మఠం కూడా అతిథులకు తెరిచే ఉంటుంది. ఆశ్రమవాసం మన నేలకు కొత్తది కాకపోవడంతో, దరఖాస్తు ఫారాలూ ఒప్పందాలూ లేకుండానే ఈ పద్ధతి ఇక్కడ ఇమిడిపోయింది. తెలుగు కాథలిక్ యువతలో ఆసక్తి ఉన్నవాళ్లకు దూరభారం లేకుండా ఈ దక్షిణాది మఠాలు అందుబాటులో ఉన్నాయి.

చేరాలనుకునేవారికి

కాథలికులే కావాలన్న షరతు అన్నిచోట్లా లేదు. కానీ ప్రార్థనకు రాను, పని మాత్రం చేస్తానంటే కుదరదు. అడిగే అర్హతలు మామూలివి, ఆరోగ్యం, అప్పజెప్పిన పనిని పూర్తిచేసే గుణం, ఒంటరితనాన్ని తట్టుకోగల మనసు. అసలు చూసేది దరఖాస్తుదారు దేన్నుంచి పారిపోయి వస్తున్నాడన్నది. విరిగిన ప్రేమ నుంచో, దొరకని ఉద్యోగం నుంచో తప్పించుకోవడానికి వచ్చినవాడికి మఠం మంచి చోటు కాదు. అక్కడ ఆ ఆలోచనలను మరిపించే సందడి ఏదీ ఉండదు. నియమావళిని ముందే ఒకసారి చదవడం, ఒక వారం అతిథిగా ఉండి చూడటం రెండూ ఏ సలహాకన్నా ఎక్కువ ఉపయోగపడతాయి.

ఏడాది పూర్తిచేసినవాళ్లలో సన్యాసంలో చేరేవాళ్లు కొద్దిమందే. పథకాలు నడిపే మఠాలు దీన్ని సన్యాసుల భర్తీగా చూడకూడదనే అంటాయి, అది నిజాయితీ ఉన్న వైఖరి. ఎక్కువమంది ఉపాధ్యాయులు, వైద్యులు, న్యాయవాదులు అవుతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. మఠంతో బంధం నిలుపుకోవాలనుకునేవాళ్లకు ఒబ్లేట్ అనే మార్గం ఉంది. సంసారంలో ఉంటూనే ఒక ఫలానా మఠానికి అనుబంధంగా, నియమావళి ప్రకారం వీలైనంత మేర బతుకుతామని మాటిచ్చినవాళ్లు ఒబ్లేట్లు.

పథకాల భవిష్యత్తు మఠాల భవిష్యత్తుతోనే ముడిపడి ఉంది. అమెరికాలో, పశ్చిమ ఐరోపాలో చిన్న సంఘాలు మూతపడుతున్నాయి. టాంజానియాలో, కొరియాలో, భారతదేశంలో యువ సన్యాసులున్న మఠాలు ఉన్నాయి. ఇన్నాళ్లూ వాలంటీర్లు ఎక్కువగా ధనిక ఉత్తర దేశాల నుంచి దక్షిణ దేశాలకు వెళ్లారు. జర్మన్ ప్రభుత్వ పథకం 2013 నుంచి ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల యువత జర్మనీకి వచ్చి ఏడాది సేవ చేసే వీలు కూడా కల్పించింది. బెనెడిక్టైన్ల మఠాలు రెండు వైపులా ఉన్నాయి కనుక ఈ ఎదురు ప్రయాణానికి కావలసిన ఇళ్లు వాళ్ల దగ్గర ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి.